మాటకు పూచీ: ‘కొటేషన్’ అను పదముపై కొన్ని తలంపులు

ఆంగ్లభాష నుండి మన వాడుకలోనికి వచ్చి, ఇంటిమాటవలె స్థిరపడిన పదములు వందలకొలది కలవు. వానిలో కొన్ని ఒక అర్థముతో వచ్చి, ఇక్కడి జీవితములో కలసిపోయి, మరికొన్ని అర్థములను సంపాదించుకొన్నవి. అట్టి పదములలో ‘కొటేషన్’ ఒకటి. వర్తకులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఆటో నడుపువారు, అందరును ఈ మాటను వాడుచున్నారు. కాని అందరును ఒకే అర్థములో వాడుటలేదు. ఇంత చిన్నమాటను గూర్చి మేము వ్యాసము వ్రాయబూనుటకు కారణము కేవలము భాషాకుతూహలము కాదు. ఈ మాట వెనుక ఒక బాధ్యత ఉన్నది. వర్తకములో ఆ బాధ్యతను మనము గట్టిగా పట్టుకొనియున్నాము. విద్యలోను, సంఘజీవితములోను దానిని జారవిడుచుచున్నాము. మేము విన్నవింపదలచినది ఇంతే.

మొదట మన మూడు పట్టణములలో ఈ మాట ఎట్లు బ్రతుకుచున్నదో చూతము. 2016లో సూర్యాపేట వేరు జిల్లాయై, కోదాడ అందులో చేరి, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినను, మూడు చోట్లను మాటతీరు దాదాపు ఒకటే. మిర్యాలగూడలో బియ్యపు మిల్లు యజమాని క్రొత్త యంత్రము కొనదలచినపుడు కంపెనీవారిని కొటేషన్ పంపుమని అడుగును. సూర్యాపేటలో ఇల్లు కట్టుకొనువాడు సిమెంటుకు, ఇనుముకు రెండుమూడు దుకాణములలో కొటేషన్ తీసికొనును. కోదాడ మీదుగా విజయవాడకు పోవు జాతీయ రహదారిపై లారీల వెనుక, ఆటోల వెనుక కనబడు ‘మాఁ కీ దువా’, ‘నన్ను చూసి ఏడవకు’ వంటి వ్రాతలను కూడ జనము కొటేషన్లనియే అందురు. తరగతి గదిలో మహనీయుని పటము క్రింద వ్రాసిన సూక్తియు కొటేషనే. పరీక్షలో విద్యార్థి జవాబు మధ్య వేరొక రంగు సిరాతో వ్రాయు వాక్యమును కొటేషనే. తెల్లవారుసరికి సెల్‌ఫోనులో గులాబిపూవు బొమ్మతో వచ్చి వ్రాలు హితవాక్యమును కొటేషనే. వెల, వేడుక, నీతి, ప్రమాణము అను నాలుగు వేర్వేరు వస్తువులకు ఒకే పేరు చెల్లుచున్నది.

ఈ నాలుగింటికిని ఒకే పేరు ఎట్లు వచ్చినది? ఈ పదమునకు మూలము లాటిన్ భాషలోని ‘క్వాట్’ అను మాట. దానికి ‘ఎన్ని’ అని అర్థము. దాని నుండి మధ్యయుగములలో ‘క్వొటారె’ అను క్రియ పుట్టినది. గ్రంథమును అధ్యాయములుగను, భాగములుగను విభజించి సంఖ్యలు వేయుట దాని అర్థము. ఒక గ్రంథములోని విషయమును ప్రస్తావించువారు అది ఎన్నవ అధ్యాయములో ఉన్నదో సంఖ్యతో చూపుట ఆచారమైనది. ఆ తరువాత అక్కడి మాటలను తిరిగి వ్రాయుటకును అదే పేరు వచ్చినది. వస్తువునకు వెల చెప్పుట అను అర్థము పందొమ్మిదవ శతాబ్దిలో చేరినది. అనగా మొదట సంఖ్య, తరువాత మాట, ఆపైన వెల. ఇందు గమనింపదగిన సంగతి ఒకటున్నది. మాటను తిరిగి పలుకుటకన్న ముందు, ఆ మాట ఎక్కడ ఉన్నదో చూపుటయే కొటేషన్ అయినది. నేడు మనము చోటును మరచి మాటను మాత్రము మిగుల్చుకొన్నాము.

మాటకును, వెలకును ఒకే పదము వాడుట ఆంగ్లేయుల వింత అని తలంచువారు ఒక్కసారి సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టుకు పోయి వినవలెను. ధాన్యము తెచ్చిన రైతును తోటి రైతు “ఎంత పలికింది?” అని అడుగును. పలుకుట అనగా మాటలాడుట. ధర పలుకుట అనగా వెల వచ్చుట. తెలుగువాని నోట ఈ రెండును ఏనాడో ఒకటైనవి. ఉర్దూలో ‘బోలీ’ అనగా భాష, మాట. వేలములో పెంచు ధరకును ‘బోలీ’ అనియే పేరు. తెలుగులో ఆ వేలమును ‘పాట’ అందుము. చెరువులో చేపలను ‘పాటపాడి దక్కించుకొన్నాడు’ అందుము. మూడు భాషలును ఒక్క తీరుననే ఆలోచించినవి. అంగడిలో నోరు విప్పి పలికినవాడు ఆ పలుకునకు కట్టుబడవలెను. పాట పాడి వెనుకకు పోయినవాని ధరావతు పోవును. పలుకునకు వెల ఉన్నదని మన పూర్వులు ఈ వాడుకలోనే చెప్పియుంచినారు.

వర్తకపు కొటేషన్‌ను చేత పట్టుకొని చూడుడు. పైన దుకాణము పేరు, చిరునామా ఉండును. తేది ఉండును. వస్తువు రకము, పరిమాణము, ధర విడివిడిగా ఉండును. ఇన్ని దినముల వరకే ఈ ధర చెల్లునను షరతు ఉండును. క్రింద సంతకము, ముద్ర ఉండును. ఇవి లేని కాగితమును ఏ గుమాస్తాయు ఫైలులో పెట్టడు. వంద కుర్చీలు కొనుటకు ఇంత జాగ్రత్త పడుచున్నాము. వంద మంది మనసులను కదిలించు మాటను చెప్పునపుడు మాత్రము పేరు, తేది, చోటు ఏవియు అడుగుటలేదు.

కార్యాలయములలో మూడు కొటేషన్లు తెప్పించు పద్ధతి కలదు. మూడు వేర్వేరు దుకాణముల ధరలను పోల్చి, తక్కువదానిని ఎన్నుకొనుట దాని ఉద్దేశము. ఈ పద్ధతికి పట్టు చీడ ఏదియో లోకమునకు తెలిసినదే. ఒకే వర్తకుడు మూడు వేర్వేరు లెటర్‌హెడ్లపై మూడు కొటేషన్లు తానే తెచ్చి ఇచ్చును. కాగితములు మూడు, నోరు ఒకటి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. సెల్‌ఫోనులో ఒక వార్త ముగ్గురు స్నేహితుల నుండి వచ్చినదని, కనుక నిజమని నమ్మువారు మనలో చాలమంది కలరు. ఆ ముగ్గురికిని అది ఒకే చోటినుండి వచ్చియుండవచ్చును. అట్టివారు ముగ్గురు సాక్షులు కారు. మూడు లెటర్‌హెడ్లు మాత్రమే.

ఇక మాటల కొటేషన్‌కు మన భాషలలో ఉన్న పేర్లను పరికింతము. తెలుగులో ‘ఉదాహరించుట’ అనగా వెలికి తీసికొనివచ్చుట. ‘ఉద్ధరణ’ అనగా పైకెత్తుట. ‘ఉటంకించుట’లో ‘టంకము’ ఉన్నది; టంకమనగా ఉలి, ముద్రవేసిన నాణెము కూడ. నాణెములు ముద్రించుచోటు టంకసాల ఐనది అందువలననే. ముద్రపడిన నాణెమును అరగదీసి చెల్లించుట ఎట్టి నేరమో, ఇతరుని మాటను అరగదీసి చెప్పుటయు అట్టిదేయని ఈ పదము తలపించును.

ఉర్దూలో ఇందుకు రెండు చక్కని మాటలున్నవి. ఒకటి ‘ఇక్తిబాస్’. అది ‘ఖబస్’ అను అరబ్బీ పదమునకు సంబంధించినది. ఖబస్ అనగా మండుచున్న కొరవి. ఇక్తిబాస్ అనగా ఒకరి నిప్పునుండి మనము నిప్పు తెచ్చుకొనుట. అగ్గిపెట్టె లేని కాలములో పల్లెలలో పొరుగింటి పొయ్యినుండి నిప్పు తెచ్చుకొని పొయ్యి రాజేసికొనెడివారు. ఇచ్చినవారి నిప్పు తరుగదు. తెచ్చుకొన్నవారి ఇంట వంట అగును. రెండవ మాట ‘హవాలా’. తెలుగువారు నేడు దీనిని దొంగసొమ్ము తరలింపులకే పరిమితము చేసి వినుచున్నారు. కాని ఉర్దూలో గ్రంథాధారము చూపుటను ‘హవాలా దేనా’ అందురు. అప్పగించుట అనునది దాని మూలార్థము. ఇస్లామీయ ధర్మశాస్త్రములో బాకీని ఒకరినుండి మరియొకరికి బదలాయించుటకు అదియే పేరు. ‘హవల్దారు’ అను మాటయు దీనినుండి వచ్చినదే. తనకు అప్పగించినదానికి పూచీపడువాడు అని భావము. కనుక ఇతరుని మాటను చెప్పువాడు ఆ మాటకు హవల్దారు. అప్పగించిన వస్తువును తగ్గింపక, పెంచక, ఇది ఫలానావారిదని చెప్పి అందజేయుటయే అతని పని.

ఈ పూచీని మన పెద్దలు ఎంత కఠినముగా పాటించినారో చెప్పుటకు రెండు నిదర్శనములు చాలును. ఒకటి మన తెలంగాణము లోనిదే. మెదక్ ప్రాంతపు కొలిచాలమునకు చెందిన మల్లినాథసూరి కాళిదాసాది మహాకవుల కావ్యములకు వ్యాఖ్యానములు రచించినారు. ఆధారము లేనిదేదియు వ్రాయనని ఆయన పూనిన ప్రతిజ్ఞను సంస్కృతము చదివినవారందరును ఎరుగుదురు. రెండవది హదీసు సంప్రదాయము. ప్రవక్తగారి వచనమును చెప్పువారు, అది ఎవరి ద్వారా విన్నారో, వారు ఎవరి ద్వారా విన్నారో, ఒక్కొక్క పేరును వరుసగా చెప్పవలెను. దీనిని ‘ఇస్నాద్’ అందురు. ఆ వరుసలో ఒక్క పేరు తెగినను, ఒక్క వ్యక్తి నమ్మదగనివాడైనను మాట విలువ పడిపోవును. ఇమాం బుఖారీ (మరణము 870), ఇమాం ముస్లిం (మరణము 875) తమ జీవితములను ఈ పరిశీలనకే ధారపోసినారు. విన్న ప్రతి మాటను పరిశీలింపక చెప్పుకొనుచు పోవువాడు అసత్యమునకు దూరము కాజాలడను హెచ్చరికను ఇమాం ముస్లిం తన గ్రంథపు పీఠికలోనే చేర్చినారు.

ఇంతటి వారసత్వము కలిగియుండియు మన సభలలో జరుగుచున్నదేమి? విద్యకొరకు చైనావరకైనను పొండని ప్రవక్తగారు చెప్పినారని ప్రతి వార్షికోత్సవములోను ఎవరో ఒకరు చెప్పుచునే యుందురు. భావము మంచిదే. కాని హదీసు పండితులు ఈ మాట ఇస్నాదును అంగీకరింపలేదు. పన్నెండవ శతాబ్దిలోనే ఇబ్నుల్ జౌజీ దీనిని కల్పిత వచనముల గ్రంథములో చేర్చినారు. విద్యార్జన ప్రతి ముస్లిమునకు విధి యను హదీసు ఇబ్నె మాజా సంకలనములో ఉన్నది. ఎందరో పండితులు దానిని స్వీకరించినారు. అది ఉండగా, ఆధారము తెగిన మాటను ఎత్తుకొనవలసిన అవసరము ఏమి? భావము మంచిదైనంత మాత్రమున ఆ మాటను ప్రవక్తగారి పేర చెలామణి చేయు అధికారము మనకు లేదు.

ఈ అలవాటు ఒక మతమువారికో, ఒక భాషవారికో చెందినది కాదు. వేమన మకుటము ఉన్నంతమాత్రమున ప్రతి పద్యమును వేమనదేయని చెప్పజాలమని పండితులు అంగీకరించినారు. సి.పి. బ్రౌన్ దొర వ్రాతప్రతులను సేకరించి 1829లో వేమన పద్యములను అచ్చొత్తించునాటికే అవి లెక్కకు మించి పెరిగియున్నవి. గజలులో కవి తఖల్లుసు కూడ ఇట్టిదే. గాలిబ్ (1797–1869) కలలోనైనను వ్రాయని షేర్లు నేడు గాలిబ్ పేర తిరుగుచున్నవి. ఇక్బాల్‌కును ఇదే గతి పట్టినది. ఐరోపాలోను ఇంతే. ఎదుటివాని అభిప్రాయమును ఒప్పుకొనకపోయినను, దానిని పలుకు హక్కును ప్రాణమిచ్చియైనను కాపాడుదునను మాటను వోల్టేరుదిగా మన వక్తృత్వ పోటీలలో చెప్పని విద్యార్థి లేడు. వోల్టేరు 1778లో మరణించినాడు. ఆ వాక్యము 1906లో ఈవ్లిన్ బీట్రిస్ హాల్ అను ఆంగ్ల రచయిత్రి ఆయన వైఖరిని వివరించుచు తానుగా వ్రాసినది. ఆమె దానిని కొటేషన్ గుర్తులలో ఉంచుటచేత లోకము ఆయన మాటయే అనుకొన్నది. చుక్కలవంటి ఆ చిన్న గుర్తులకు ఇంత బలమున్నది.

జవాబుపత్రములు దిద్దునపుడు మేము తరచుగా చూచుచున్న విషయము ఒకటి కలదు. విద్యార్థి తన సొంత వాక్యమును వ్రాసి, దాని క్రింద ఒక మహాపురుషుని పేరు తగిలించును. ఏ పేరును తోచనపుడు ‘ఒక మహానుభావుడు చెప్పినట్లు’ అని వ్రాయును. గైడు పుస్తకములు కూడ ఈ దారినే చూపుచున్నవి. కొటేషన్ ఉన్నచో మార్కులు ఎక్కువ పడునను నమ్మకము దీనికి మూలము. ఇందులో మాకు కనబడు దోషము మార్కులకు సంబంధించినది కాదు. తన మాటకు విలువ లేదని విద్యార్థి తానే తీర్మానించుకొనుచున్నాడు. పెద్దపేరు లేనిదే తన మాట చెల్లదని అనుకొనుచున్నాడు. చక్కగా ఆలోచించి వ్రాసిన సొంతవాక్యము దొంగ సంతకము పెట్టిన సూక్తికన్న గొప్పదని అతనికి చెప్పవలసినవారు అధ్యాపకులే.

ఇక్కడ మన భాష మనకు ఇచ్చిన ఒక గొప్ప సాధనమును గూర్చి చెప్పవలెను. తెలుగులో కొటేషన్ గుర్తులు అచ్చుయంత్రముతో వచ్చినవి. అంతకు ముందే మనకు ‘అని’ ఉన్నది. “వస్తానని అన్నాడు” అను వాక్యములో ఆ ‘అని’ అన్నది ఇతరుని మాట ఎక్కడ ముగిసినదో చూపు కంచె. వ్యాకరణములో దీనిని అనుకరణమందురు. దానితోపాటు ‘అట’ కూడ ఉన్నది. “వచ్చాడు” అన్నచో నేను చూచినాను. “వచ్చాడట” అన్నచో ఎవరో చెప్పగా విన్నాను. ఒక్క అక్షరముల జంటతో చూచినదానిని, విన్నదానిని వేరుచేయు ఈ సౌకర్యము ఆంగ్లమునకు లేదు. ఇంకను ముచ్చటైన సంగతి ఏమనగా, మన ప్రాంతపు దక్కనీ ఉర్దూ ఈ రెండింటిని తెలుగు పోలికతోనే అమర్చుకొన్నది. “మై ఆతూఁ బోల్‌కే బోలా” అనుటలోని ‘బోల్‌కే’ మన ‘అని’యే. “ఉనో ఆతా కతే” అనుటలోని ‘కతే’ మన ‘అట’యే. ఉత్తరాది ఉర్దూవారు విని నవ్వెడి ఈ ప్రయోగములు, శతాబ్దములుగా ఇరుగుపొరుగున బ్రతికినవారు విన్నమాటను విన్నమాటగానే చెప్పు మర్యాదను కూడ పంచుకొన్నారనుటకు సాక్ష్యములు.

ప్రమాదమంతయు ఈ ‘అట’ జారిపోవుటలోనే ఉన్నది. “పిల్లలను ఎత్తుకొనిపోతున్నారట” అని మొదలైన మాట, నాలుగు సెల్‌ఫోనులు దాటుసరికి “ఎత్తుకొనిపోతున్నారు” అగును. అదుగో పులి అన్నచో ఇదుగో తోక అనువారు ఎప్పుడును ఉన్నారు. నేడు వారి చేతిలో యంత్రమున్నది. 2018లో ఇట్టి వదంతివలననే తెలంగాణతో సహా పలు రాష్ట్రములలో అమాయకులు గుంపుల చేత దెబ్బలు తిని ప్రాణములు విడిచినారు. ఆ సంవత్సరము జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదుగురికి మించి పంపుటకు వీలులేకుండ కట్టడి చేసినది. యంత్రమునకు హద్దు పెట్టినారు. నోటికి హద్దు పెట్టుకొనవలసినది మనము. రెండు మతములవారు ఒకే వీధిలో నివసించు మన పట్టణములలో, ఒక మతపెద్ద పేర కల్పించిన నాలుగు పంక్తులు చాలును, నలువది ఏండ్ల ఇరుగుపొరుగు సంబంధమును చెరచుటకు. పొరుగింటినుండి తెచ్చిన నిప్పు పొయ్యి రాజేయును. అదుపు తప్పినచో కప్పునకును అంటుకొనును.

న్యాయస్థానము ఈ విషయములో మనకు గురువు. 1872 నాటి సాక్ష్యచట్టము ప్రకారము, నోటి సాక్ష్యము చెప్పువాడు తాను స్వయముగా చూచినదో, విన్నదో చెప్పవలెను. వారు చెప్పగా వీరు విన్నారను మాట సాధారణముగా చెల్లదు. ఆ చట్టము స్థానములో 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను ఈ నియమము అట్లే నిలిచియున్నది. వకీళ్లు పూర్వపు తీర్పులను చూపుటను ‘సైటేషన్’ అందురు. ఆ పదమునకు మూలమైన లాటిన్ క్రియకు పిలిపించుట అని అర్థము. ఇతరుని మాటను చెప్పుటయనగా అతనిని సాక్షిగా బోనులోనికి పిలుచుటయే. పిలువగానే అతడు వచ్చి, “ఔను, ఇది నా మాటయే” అని అనగలడా యని ముందుగా యోచింపవలెను.

ఇంత కఠినముగా ఉన్నచో లోకములో ఎవరును సామెతైనను చెప్పజాలరని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణకు సమాధానము తేలికయే. సామెతకు కర్త లేడు. అది ఉన్నదని ఎవరును చెప్పరు. లారీ వెనుకటి వ్రాతకు పెద్దపేరు తగిలింపలేదు. కనుక అందు మోసము లేదు. ఊరుమ్మడి మాటను ఊరుమ్మడి మాటగా చెప్పుటలో తప్పేమి? తప్పంతయు లేని సంతకమును పెట్టుటలోనే ఉన్నది. ఆ విధముగా చూచిన, లారీ వెనుక వ్రాయించుకొన్న డ్రైవరు మనలోని పెక్కుమంది వక్తలకన్న నిజాయితీపరుడు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇకపై ఏ మాటనైనను ఎత్తి చెప్పునపుడు వర్తకుని కొటేషన్‌ను తలంచుకొనుడు. ఎవరి మాట? ఏ గ్రంథములోనిది? ఎప్పటిది? ఈ మూడింటికిని జవాబు దొరికినచో ధైర్యముగా పేరుతో చెప్పుడు. పేరు దొరకనిచో భావమును మీ సొంతమాటలతో చెప్పుడు. అందు చిన్నతనము లేదు. విన్నదే ఐనచో ‘అట’ను, ‘కతే’ను వదలకుడు. ఎవరైనను మీకొక వాక్యము పంపినచో, ముందుకు పంపుటకు ముందు ఇది ఎక్కడిదని వారిని అడుగుడు. ఆ ప్రశ్నను వినయముగా అడుగవచ్చును. పంపినది పెద్దవారైనచో ‘చాచా, ఇది ఏ కితాబులోనిది?’ అనియు, ‘బాబాయ్, ఇది ఎక్కడ చదివినారు?’ అనియు అడిగిన, అభిమానముగల పెద్దలెవరును కోపగింపరు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంగళ్లలో సంతకములేని కొటేషన్ ఎట్లు చెల్లదో, మన కళాశాల సభలలోను, మన ఇండ్లలోను ఆధారములేని మాట అట్లే చెల్లని దినము రావలెనని మేము కోరుచున్నాము.